లోహాలను పసిగట్టే బాక్టీరియా: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు నేలలకు వాటి ఉపయోగం, వాటి హద్దులు

నేలలో గాని, నీటిలో గాని ఒక లోహం ఎంత ఉన్నదనేది ఒక ప్రశ్న. అందులో ఎంత భాగం మొక్క వేరుకు, పశువు పేగుకు, మనిషి రక్తానికి చేరగలదనేది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు ప్రయోగశాల పరికరాలు ఖచ్చితమైన సమాధానం చెబుతాయి. రైతుకు, విస్తరణ శాస్త్రవేత్తకు ఎక్కువగా కావలసింది రెండో ప్రశ్నకు సమాధానం. గడచిన మూడు దశాబ్దాలకు పైగా రూపొందుతూ వచ్చిన ఒక ప్రత్యేక వర్గపు బాక్టీరియా ఈ రెండో ప్రశ్నకు సూటిగా జవాబివ్వగలుగుతున్నది. లోహం తమ కణంలోకి ప్రవేశించినప్పుడు వెలుగునో, రంగునో వెలువరించేటట్లు జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులివి. ఇవి ఎలా పనిచేస్తాయో, క్షేత్రస్థాయిలో ఎంతవరకు నిలిచాయో, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ సరిహద్దు గ్రామాలలో వీటిని ఏ హద్దులలో ఉపయోగించుకోవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ప్రాంత నేపథ్యం

గోదావరికి ఇరువైపులా వ్యాపించిన ఈ అటవీ ప్రాంతం ఖనిజ సంపదకు పేరు పొందింది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించడంతో సింగరేణి చరిత్ర మొదలయింది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనులు ఆ చరిత్రలోనివే. కొత్తగూడెం సమీపంలోని మైలారంలో రాగి ఖనిజం, మాధారంలో డోలమైట్, ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని బయ్యారంలో ఇనుప ఖనిజం ఉన్నాయి. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, స్పాంజ్ ఇనుము, ఫెర్రో మిశ్రలోహ పరిశ్రమలు, సారపాకలో కాగితపు పరిశ్రమ, అశ్వాపురంలో భారజల కర్మాగారం వెలిశాయి. కిన్నెరసాని పాల్వంచ అడవుల గుండా ప్రవహించి బూర్గంపాడు ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది.

ఇదే ప్రాంతంలో కోయ, కొండరెడ్డి గిరిజన గ్రామాలు ఉన్నాయి. ఎర్ర చల్క నేలల్లో పత్తి, మిరప, మొక్కజొన్న, చెరువుల కింద వరి, అశ్వారావుపేట, దమ్మపేట మండలాలలో ఆయిల్ పామ్, గోదావరి ఒడ్డు ఒండ్రు నేలల్లో కూరగాయలు, పొగాకు పండుతాయి. వాగు, చెలమ, చేతిపంపు, వ్యవసాయ బావి, మిషన్ భగీరథ కొళాయి అనే ఐదు రకాల నీరు ఒకే ఊరిలో వాడుకలో ఉండటం ఇక్కడ అరుదు కాదు.

గనులూ పరిశ్రమలూ ఉన్నంత మాత్రాన ప్రతి బావిలోనూ లోహాలు ఉన్నాయని భావించరాదు. అలాగే పరిశ్రమలు లేని చోట లోహాలు ఉండవని అనుకోవడమూ తగదు. రాగి ఖనిజం ఉన్న శిల మీద ఏర్పడిన నేలలో రాగి సహజంగానే ఎక్కువ. మిరప తోటలో ఏళ్ళ తరబడి కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేస్తే గనికి దూరంగా ఉన్న నేలలో కూడా రాగి పేరుకుంటుంది. భాస్వరపు ఎరువులలో ముడి ఫాస్ఫేట్ శిల నుంచి వచ్చిన కాడ్మియం కొద్ది మోతాదులో ఉంటుంది. భారతీయ బొగ్గును కాల్చినప్పుడు 30 నుంచి 45 శాతం వరకు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం వంటివి స్వల్ప పరిమాణాలలో ఉంటాయి. మరోవైపు గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది. అందువల్ల గంధకం అధికంగా ఉన్న మేఘాలయ బొగ్గు గనుల చుట్టూ వాగులు ఆమ్లీకరణం చెందినంత తీవ్రంగా ఇక్కడి వాగులు మారే అవకాశం తక్కువ. ఈ విధంగా ఒకే మండలంలో ఒక లోహానికి మూడు నాలుగు మూలాలు ఉండవచ్చు. చూపుతో గాని, రుచితో గాని వీటిని పట్టుకోవడం సాధ్యం కాదు. ఇనుము కలిసిన నీరు ఎర్రగా కనిపించి భయపెడుతుంది. ఆర్సెనిక్ కలిసిన నీరు తేటగా ఉండి నమ్మకం కలిగిస్తుంది.

మొత్తం పరిమాణం, లభ్య పరిమాణం

తెలుగు ప్రాంతంలో నేలల లోహ కాలుష్యంపై బాగా తెలిసిన పరిశోధనలలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతాలలో జరిపినవి ముఖ్యమైనవి. 2001లోనూ, 2008లోనూ వెలువడిన ఈ అధ్యయనాలు ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పద్ధతిలో నేలలోని లోహాల మొత్తం పరిమాణాన్ని కొలిచాయి. కాలుష్యం ఎక్కడ పేరుకున్నదో చెప్పడానికి ఇది తిరుగులేని పద్ధతి. అయితే ఖనిజ స్ఫటికంలో బంధింపబడిన సీసాన్నీ, నేల ద్రావణంలో కరిగి ఉన్న సీసాన్నీ ఈ కొలత వేరు చేయదు. వేరుకు అందేది రెండోది మాత్రమే.

ఈ తేడా సేద్య శాస్త్రానికి కొత్తది కాదు. నేలలో జింకు మొత్తంగా ఎంత ఉన్నా, మొక్కకు అందేది ఎంతో అంచనా వేయడానికి 1978లో లిండ్సే, నార్వెల్ ప్రతిపాదించిన డి.టి.పి.ఎ. ద్రావణ పద్ధతినే నేటికీ భూసార పరీక్షా కేంద్రాలు అనుసరిస్తున్నాయి. ఆ ద్రావణంలోకి దిగిన జింకు కిలో నేలకు 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే లోపమని నిర్ణయిస్తారు. ఒక రసాయనం వేరు చేసే పనిని అనుకరిస్తుందన్న ఊహ మీద ఈ పద్ధతి నిలిచి ఉన్నది. లోహాన్ని పసిగట్టే బాక్టీరియా ఈ ఊహను ఒక మెట్టు ముందుకు తీసుకువెళ్తుంది. రసాయనం స్థానంలో ఒక జీవకణాన్ని నిలుపుతుంది. కణత్వచాన్ని దాటి లోపలికి వచ్చిన లోహాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది.

ఎస్టోనియా శాస్త్రవేత్తలు లోహ శుద్ధి కర్మాగారాల సమీప నేలలపై జరిపిన పరిశోధన ఈ సందర్భంలో గమనించదగినది. వడగట్టిన నేల సారంలో సూచక బాక్టీరియాను ఉంచినప్పుడు కాడ్మియం, సీసం స్వల్పంగానే కనిపించాయి. అదే బాక్టీరియాను నేల రేణువులతో కలిపిన ద్రవంలో ఉంచినప్పుడు స్పందన అనేక రెట్లు పెరిగింది. రేణువును అంటిపెట్టుకుని ఉన్న లోహంలో కొంత భాగాన్ని బాక్టీరియా ప్రత్యక్ష స్పర్శతో గ్రహించగలిగింది. వేరు కూడా నేల రేణువును తాకుతూనే పెరుగుతుంది గనుక, వడగట్టిన సారం ఒక్కటే చూసి నేల సురక్షితమని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

బాక్టీరియా ఎలా పసిగడుతుంది?

విషలోహాలున్న పరిసరాలలో కోట్ల ఏళ్ళుగా జీవించిన బాక్టీరియాలకు ఆత్మరక్షణ యంత్రాంగం ఏర్పడి ఉన్నది. 1976లో బెల్జియంలోని ఒక జింకు కర్మాగారపు మడ్డి తొట్టి నుంచి వేరుచేసిన కుప్రియావిడస్ మెటాలిడ్యూరాన్స్ అనే బాక్టీరియా ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. జింకు, కాడ్మియం, రాగి, సీసం, పాదరసం వంటి అనేక లోహాలను తట్టుకునే జన్యువులు దానిలో ఉన్నాయి. సాధారణ ఇ. కోలై బాక్టీరియాలో సైతం ఆర్సెనిక్‌ను కణం నుంచి బయటకు నెట్టే జన్యువుల వరుస ఉంటుంది.

ఈ జన్యువులు నిత్యం పనిచేస్తే కణానికి శక్తి వృథా. కాబట్టి లోహం లేనప్పుడు వాటిని మూసి ఉంచే కాపలా ప్రోటీను ఒకటి ఉంటుంది. ఆర్సెనిక్ విషయంలో దాని పేరు ఆర్స్‌ఆర్. చెరువు తూముకు తలుపు ఎలాంటిదో జన్యువుకు ఈ ప్రోటీను అలాంటిది. ఆర్సెనైట్ కణంలోకి వచ్చి ఈ ప్రోటీనును అంటుకోగానే దాని ఆకృతి మారి, జన్యువు మీద పట్టు సడలుతుంది. తలుపు లేచి, కింది కాలువ పారినట్లు ఆ వరుసలోని జన్యువులు పనిచేయడం ప్రారంభిస్తాయి. పాదరసానికి సంబంధించిన మెర్‌ఆర్ ప్రోటీను కొంత భిన్నమైనది. అది డి.ఎన్.ఎ.ను వదిలిపోకుండానే, పాదరసం అంటుకున్నప్పుడు డి.ఎన్.ఎ. మెలికను సరిచేసి జన్యువును మేల్కొలుపుతుంది.

శాస్త్రవేత్తలు చేసిన మార్పు ఇక్కడే ఉన్నది. తూము కింద పారే కాలువను మరో పొలానికి మళ్ళించినట్లు, కాపలా ప్రోటీను అదుపులో ఉండే స్థానంలో కంటికి కనిపించే ఫలితాన్నిచ్చే జన్యువును అమర్చారు. సముద్రపు బాక్టీరియాల నుంచి తీసుకున్న లక్స్ జన్యువులైతే కణం వెలుగుతుంది. జెల్లీ చేప నుంచి తీసుకున్న జన్యువైతే అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుంది. ల్యాక్‌జడ్ అనే జన్యువైతే తగిన పదార్థం కలిపినప్పుడు నీలి రంగు ఏర్పడుతుంది. 1990లో టెనెస్సీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నాఫ్తలీన్ అనే కర్బన కాలుష్యానికి వెలుగుతో స్పందించే బాక్టీరియాను రూపొందించారు. 1993లో ఇదే మార్గంలో పాదరసాన్ని పసిగట్టే బాక్టీరియా వెలువడింది. 2003లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆర్సెనిక్‌కు స్పందించే ఇ. కోలైని కాగితపు పట్టీ మీద ఎండబెట్టి, రంగుతో ఫలితం తెలిపే పరీక్షను ప్రకటించారు. 2006లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ విద్యార్థి బృందం ఖరీదైన రసాయనాలు లేకుండా, లాక్టోజ్ పులియడం వల్ల మారే ఉదజని సూచికనే ఆర్సెనిక్ సంకేతంగా వాడే నమూనాను రూపొందించింది.

బావి దగ్గర పరీక్షకు నిలిచినది

ప్రయోగశాలలో శుద్ధజలానికి ఆర్సెనిక్ కలిపి పరీక్షించడం సులభం. ఊరి బావి నీటిలో ఇనుము, భాస్వరం, సున్నం, మట్టి, సూక్ష్మజీవులు అన్నీ కలిసి ఉంటాయి. ఈ తేడాను స్పష్టంగా చూపినది 2005లో ప్రచురితమైన వియత్నాం అధ్యయనం. అక్కడి నదీ డెల్టాల భూగర్భజలంలో ఇనుము ఎక్కువ. గాలి తగలగానే ఆ ఇనుము తుప్పు రేణువులుగా మారి ఆర్సెనిక్‌ను తనతో పట్టి ఉంచేది. బాక్టీరియాకు అది అందేది కాదు. పరిశోధకులు నీటిని ముందుగా ఆమ్లీకరించి, పైరోఫాస్ఫేట్‌తో తిరిగి తటస్థ స్థితికి తెచ్చే ప్రక్రియను జోడించిన తరువాతే పరీక్ష నమ్మదగినదయింది. ఆ విధంగా 194 నమూనాలను పరీక్షించి అటామిక్ అబ్సార్ప్షన్ ఫలితాలతో పోల్చారు. లీటరుకు 10 మైక్రోగ్రాముల హద్దు వద్ద, ఉన్నదానిని లేదని చెప్పిన తప్పు 8 శాతం, లేనిదానిని ఉన్నదని చెప్పిన తప్పు 2.4 శాతం. అప్పటికి మార్కెట్లో ఉన్న రసాయన క్షేత్ర కిట్ల కంటే ఇది మెరుగైన ఫలితం.

ఈ రెండు అంకెలలో విస్తరణ శాస్త్రవేత్త ఎక్కువగా ఆలోచించవలసినది మొదటిదాని గురించి. ప్రమాదకరమైన బావిని సురక్షితమని ప్రకటిస్తే కుటుంబం నిశ్చింతగా ఆ నీటినే తాగుతూ ఉంటుంది. రెండో రకం తప్పుకూ మూల్యం ఉన్నది. ఫలానా ఊరి కూరగాయల్లో విషమున్నదన్న మాట ఒకసారి సంతకు చేరితే, తరువాత వచ్చే ప్రయోగశాల నివేదిక ఆ మాటను వెనక్కు తేలేదు. కాబట్టి బాక్టీరియా పరీక్షను తుది తీర్పుగా గాక, వందలాది నమూనాలలో ప్రయోగశాలకు పంపవలసినవి ఏవో ఏరే జల్లెడగా మాత్రమే పరిగణించాలి. సురక్షితమని తేలినవాటిలోనూ కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎన్నుకొని ప్రయోగశాలకు పంపడం ఆ జల్లెడ కన్నును సరిచూసుకునే మార్గం.

మౌనానికి రెండు అర్థాలు

వెలుగు రాని గొట్టం రెండు విషయాలు చెప్పవచ్చు. నీటిలో లోహం లేకపోవడం ఒకటి. నీటిలోని మరేదో పదార్థం వల్ల బాక్టీరియాయే చనిపోయి ఉండటం రెండోది. ఈ రెండింటినీ వేరు చేయని పరీక్ష అపాయకరం. అధిక మోతాదులో ఉన్న లోహమే బాక్టీరియాను చంపి మౌనం కలిగించవచ్చు. అప్పుడు అత్యంత కలుషితమైన నమూనాయే అత్యంత శుభ్రమైనదిగా కనిపిస్తుంది.

ఈ ప్రాంతానికి సంబంధించి ముఖ్యమైన ఉదాహరణ కొళాయి నీరు. భారతీయ ప్రమాణాల ప్రకారం క్లోరినీకరించిన తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి. సూక్ష్మజీవులను చంపడానికే క్లోరిన్ కలుపుతారు గనుక అది సూచక బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. పరీక్షకు ముందు సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్‌ను నిర్వీర్యం చేయకపోతే కొళాయి నీటి ఫలితానికి విలువ లేదు. అదేవిధంగా ఎరువు వేసిన మడి నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువగా ఉంటే, ఆర్సెనేట్ కణంలోకి ప్రవేశించే దారిలోనే ఫాస్ఫేట్ కూడా పోటీ పడి స్పందనను తగ్గిస్తుంది. వేసవిలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటే రోజులు ఉంటాయి. 37 డిగ్రీల వద్ద బాగా పెరిగే ఇ. కోలై ఆ వేడిలో కుంగిపోతుంది.

ఇందుకు పరిష్కారం ప్రతి నమూనా పక్కన మూడు గొట్టాలు ఉంచడం. ఒకదానిలో లోహం లేని శుద్ధజలం, రెండోదానిలో తెలిసిన మోతాదులో లోహం కలిపిన ప్రమాణ ద్రావణం ఉండాలి. మూడోదానిలో పరీక్షించవలసిన నమూనానే పోసి, లోహంతో పనిలేకుండా ఎల్లప్పుడూ వెలిగే బాక్టీరియాను కలపాలి. ఈ మూడో గొట్టం మసకబారితే నమూనాలో బాక్టీరియాను బాధించేది ఏదో ఉన్నదని అర్థం. అటువంటి నమూనాను ‘సురక్షితం’ అని గాక ‘తేలలేదు’ అని నమోదు చేసి నేరుగా ప్రయోగశాలకు పంపాలి.

ఏ లోహమో తెలియడం ఎందుకు అవసరం?

కాపలా ప్రోటీనులు అన్నీ ఒకే రకంగా నిక్కచ్చివి కావు. పాదరసపు మెర్‌ఆర్ చాలా ఖచ్చితమైనది. ఆర్స్‌ఆర్ ఆర్సెనిక్‌తో పాటు ఆంటిమొనీకి కూడా స్పందిస్తుంది. రాగిని గుర్తించే క్యూఆర్ వెండికి, బంగారానికి కూడా తలుపు తెరుస్తుంది. కాడ్మియం కోసం వాడే సూచకాలు సీసానికి, జింకుకు కూడా ఎంతో కొంత స్పందిస్తాయి. జింకు సల్ఫేట్ వేసిన వరి మడి నేలను కాడ్మియం సూచకంతో పరీక్షిస్తే వచ్చే వెలుగు దేనిదో వెంటనే చెప్పలేము.

వరి సాగులో ఈ సందిగ్ధత ఖరీదైనది. నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ తగ్గి, నేలలోని ఇనుప ఆక్సైడ్లు క్షయకరణం చెందుతాయి. వాటిని అంటి ఉన్న ఆర్సెనిక్ కరిగి ఆర్సెనైట్ రూపంలో విడుదలవుతుంది. వరి వేరు సిలికాను తీసుకునే దారిలోనే దీనిని లోపలికి తీసుకుంటుంది. అందువల్ల ఆర్సెనిక్ ఉన్న చోట తడి, పొడి పద్ధతిలో నీరు కట్టడం గింజలో దాని మోతాదును తగ్గిస్తుంది. కాడ్మియం ప్రవర్తన దీనికి విరుద్ధం. నీరు నిలిచినప్పుడు అది సల్ఫైడ్‌గా మారి నేలలో బంధింపబడుతుంది. గింజ పాలు పోసుకునే దశలో మడిని ఆరబెడితే తిరిగి కరిగి గింజలోకి చేరుతుంది. జపాన్‌లోని జింజూ నదీ లోయలో గని నీటితో తడిసిన వరి తిని అనేక మంది బాధపడిన ఇటాయ్ ఇటాయ్ వ్యాధికి కారణం కాడ్మియం అని ఆ దేశ ప్రభుత్వం 1968లో అధికారికంగా గుర్తించింది.

కాబట్టి ‘నేలలో భారలోహం ఉన్నది’ అన్న ఒక్క మాట ఆధారంగా రైతుకు నీటి యాజమాన్యం సూచించరాదు. ఆర్సెనిక్‌కు మేలు చేసే సలహా కాడ్మియం విషయంలో కీడు చేస్తుంది. బాక్టీరియా జల్లెడలో చిక్కిన ప్రతి నమూనాలో లోహం ఏదో అటామిక్ అబ్సార్ప్షన్ లేదా ఐ.సి.పి. పరికరంతో తేల్చిన తరువాతనే సలహా వెలువడాలి.

ఫలితాన్ని ఏ హద్దుతో పోల్చాలన్నదీ ముందుగా నిర్ణయించుకోవలసిన విషయమే. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన హద్దులు లీటరుకు ఆర్సెనిక్ 0.01, సీసం 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001 మిల్లీగ్రాములు. సాగునీటికి ఆహార, వ్యవసాయ సంస్థ సూచించిన హద్దులు ఆర్సెనిక్ 0.1, కాడ్మియం 0.01, రాగి 0.2, సీసం 5 మిల్లీగ్రాములు. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్న బావి నీరు సాగు హద్దులోనే ఉంటుంది. తాగునీటి హద్దుకు మాత్రం అది ఐదు రెట్లు. పొలం పనికి వెళ్ళినవారు దాహం తీర్చుకునేది ఆ వ్యవసాయ బావి నీటితోనే అయినప్పుడు, పరీక్షను తాగునీటి హద్దుకే సరిచేసుకోవాలి.

నమూనా సేకరణలో జాగ్రత్తలు

ప్రయోగశాల పరికరానికి పంపే నీటి నమూనాలో నత్రికామ్లం కలిపి ఉదజని సూచికను 2 కంటే తగ్గిస్తారు. ఆ ఆమ్లంలో బాక్టీరియా బతకదు. కాబట్టి ప్రతి నీటి వనరు నుంచి రెండు సీసాలు నింపుకోవాలి. ఆమ్లం కలిపినది పరికరానికి, కలపనిది చల్లగా ఉంచి వీలైనంత త్వరగా బాక్టీరియా పరీక్షకు వాడాలి. నేల నమూనాలను పైపొర 15 సెంటీమీటర్ల లోతు వరకు చెక్క లేదా ప్లాస్టిక్ పనిముట్లతో తీయాలి. జింకు పూత వేసిన బకెట్లలో నేలను కలపరాదు.

కాలాన్ని కూడా నమోదు చేయాలి. తొలకరి వానకు కొట్టుకువచ్చే వాగు నీరు, వేసవిలో అడుగంటిన చెలమ నీరు ఒకటి కావు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అంతటి వరద ఒడ్డు పొలాలపై కొత్త ఒండ్రును పరుస్తుంది. వరదకు ముందు తీసిన నేల నమూనా ఫలితాన్ని తరువాతి పంటకు వర్తింపజేయడం సరికాదు.

చట్టం, గ్రామసభ

జన్యుమార్పిడి జరిగిన సూక్ష్మజీవుల తయారీ, వినియోగం, నిల్వ వంటివి 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబర్ 5న వెలువడిన నియమావళి పరిధిలోకి వస్తాయి. పరిశోధన సంస్థలోని జీవభద్రతా సంఘం, కేంద్ర స్థాయిలో జన్యు సవరణ సమీక్షా సంఘం, పర్యావరణంలోకి విడుదల విషయంలో జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం వీటిని పరిశీలిస్తాయి. జిల్లా స్థాయి సంఘానికి కూడా ఈ నియమావళిలో స్థానం ఉన్నది. మూతబిగించిన సీసాలోనిదే అయినా సజీవ సూచక బాక్టీరియాను గ్రామానికి తీసుకువెళ్ళడం మామూలు కిట్‌ను తీసుకువెళ్ళడం వంటిది కాదు.

ఈ చిక్కుకు ఆచరణసాధ్యమైన మార్గం ఒకటి ఉన్నది. బాక్టీరియా ఊరికి వెళ్ళనవసరం లేదు, నీరే బాక్టీరియా దగ్గరకు రావచ్చు. కృషి విజ్ఞాన కేంద్రం నమూనాలు సేకరిస్తే, అనుమతి పొందిన విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పరీక్ష జరుగుతుంది. వాడిన గొట్టాలను ఆటోక్లేవ్‌లో నిర్జీవం చేసి పారవేస్తారు. ఒక రోజు ఆలస్యమైనా విడుదల ప్రమాదం తలెత్తదు. 2020లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రకటించిన కణరహిత సూచకాలు మరో దారి చూపుతున్నాయి. వీటిలో కాపలా ప్రోటీను, డి.ఎన్.ఎ., తగిన ఎంజైములు ఎండబెట్టిన పొడిగా ఉంటాయి. నీటి చుక్క పడగానే పనిచేస్తాయి. జీవకణం లేదు గనుక విడుదల సమస్య లేదు. అయితే కణత్వచం కూడా లేదు. కాబట్టి జీవిలోకి ప్రవేశించగల లోహమెంత అన్న ప్రశ్నకు ఇవి సజీవ కణమంత సూటిగా జవాబివ్వలేవు. నీటి పరీక్షకు కణరహిత సూచకాలు, నేల లభ్యత పరీక్షకు ప్రయోగశాలలోని సజీవ సూచకాలు అనే విభజన సమంజసంగా తోస్తుంది.

ఈ గ్రామాలలో అనేకం రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి. 1996 పెసా చట్టం గ్రామసభకు తన వనరుల విషయంలో ప్రత్యేక స్థానం కల్పించింది. నమూనా తీయడానికి ముందే ఏమి పరీక్షిస్తున్నదీ, ఫలితం ఎవరికి ముందుగా తెలుస్తుందీ, బావి పనికిరాదని తేలితే ప్రత్యామ్నాయ నీరు ఎక్కడ నుంచి వస్తుందీ గ్రామసభకు వివరించాలి. మూడో విషయానికి సమాధానం లేకుండా మొదలుపెట్టే పరీక్ష ఊరికి భయాన్ని మాత్రమే మిగులుస్తుంది.

పరిశోధనకు అవకాశం

సూచక బాక్టీరియాకు అందే లోహం, వరి వేరుకు అందే లోహం సమానమని ముందే అనుకోరాదు. వేరు స్రవించే ఆమ్లాలు తన చుట్టూ ఉన్న నేల స్వభావాన్నే మారుస్తాయి. బాక్టీరియాకు ఆ శక్తి అంతగా లేదు. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని ఇక్కడి నేలల్లోనే నిర్ధారించుకోవాలి. ఎర్ర చల్క, నల్లరేగడి, గోదావరి ఒండ్రు అనే మూడు నేలలను తీసుకొని, ఒక్కొక్క నేలలో మొత్తం లోహం, డి.టి.పి.ఎ. లోహం, బాక్టీరియా స్పందన కొలవాలి. అదే నేలల్లో కుండీలలో వరి, మిరప, తోటకూర పెంచి కణజాలంలోని లోహాన్ని విశ్లేషించాలి. ఆకుకూరలు గింజ పంటల కంటే కాడ్మియాన్ని ఎక్కువగా కూడబెట్టుకుంటాయి గనుక తోటకూర ఈ జాబితాలో తప్పనిసరి. ఏ కొలత మొక్కలోని లోహానికి దగ్గరగా ఉంటే ఆ నేలకు ఆ కొలతే ప్రమాణం. కొన్ని నేలల్లో చవకైన డి.టి.పి.ఎ. పద్ధతే సరిపోతుందని తేలినా అది విలువైన ఫలితమే. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల, కొత్తగూడెం, వైరా కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ నేలలకు చేరువలోనే ఉన్నాయి. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండు పంట కాలాలలో పూర్తి చేయగల పని ఇది.

ఆ పని పూర్తయ్యేవరకు క్షేత్రస్థాయి సిబ్బందికి ఈ క్రమం సరిపోతుంది. ప్రతి నీటి వనరునూ దాని వాడుకతో సహా నమోదు చేయాలి. రెండు సీసాల పద్ధతిలో నమూనా తీయాలి. బాక్టీరియా పరీక్షలో మూడు తోడు గొట్టాల ఫలితాలు సరిగా ఉన్నప్పుడే నివేదిక రాయాలి. స్పందించినవాటినీ, తేలనివాటినీ పరికర విశ్లేషణకు పంపి లోహం పేరు రాబట్టాలి. లోహం పేరు తెలిసిన తరువాతనే నీటి యాజమాన్యం, సున్నం వాడకం, పంట మార్పిడి గురించి రైతుతో మాట్లాడాలి. నివేదిక తెలుగులో, ఒక్క పుటలో, ముందుగా ఆ బావి యజమానికి, గ్రామసభకు అందాలి.